ఆసుపత్రి కాగితాల్లో మెత్తని మాటలు: ఎక్కడ పనికొస్తాయి, ఎక్కడ కొంప ముంచుతాయి?

నీలంసిరా (ప్రశ్న)

ఓ 200 పడకల ఆసుపత్రికి తెలుగు కాగితాలు రాసే పని నెత్తిన పడింది. బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన జూనియర్ డాక్టర్లకి, రోగిని అడగాల్సిన ప్రశ్నలు తెలుగులో రాసివ్వాలి. రోగి తాలూకు వాళ్ళకి ఫోన్లో, ఎదురుగా చెప్పాల్సిన మాటలు కూడా. ఎక్కడా మొరటుగా ఉండకూడదు, పెద్దవాళ్ళు చిన్నబుచ్చుకోకూడదు అన్నది మేనేజ్‌మెంటు షరతు. కోస్తా, సీమ, తెలంగాణ మూడుచోట్లా ఇదే కాగితం నడవాలి.

నా చిత్తులోంచి కొన్ని:

‘బాత్రూమ్ వెళ్ళారా?’
‘దూరంగా ఎప్పుడు ఉన్నారు?’
‘ఏమైనా విశేషమా?’
‘ఇంతకుముందు కడుపు పోయిందా?’
‘కాపురానికి వచ్చి ఎన్నాళ్ళయింది?’ (పిల్లలు లేనివాళ్ళ ఓపీలో)
‘రేపు ఉమ్మి ఈ డబ్బాలో తెండి.’
‘మీవాళ్ళకి సీరియస్‌గా ఉంది, వచ్చేయండి.’
‘పేషెంటుని పైకి తీసుకెళ్ళాం.’
‘ఇక ఇంటికి తీసుకెళ్ళొచ్చు.’

ఏవి ఉంచాలి, ఏవి కొట్టేయాలి? ఎందుకో కూడా చెబితే మేనేజ్‌మెంటుని ఒప్పించడం తేలిక.

వార్డురౌండ్

పైనుంచి వద్దాం.

‘బాత్రూమ్ వెళ్ళారా’ వినడానికి నిక్షేపంలా ఉంది. జవాబు మాత్రం దేనికీ పనికిరాదు. ఆపరేషన్ అయిన మనిషి ‘వెళ్ళానండీ’ అంటాడు. మూత్రానికా, విరేచనానికా, ఒట్టి మొహం కడుక్కోవడానికా? కెథెటర్ (మూత్రం గొట్టం) తీశాక ఆరు నుంచి ఎనిమిది గంటల్లోపు మూత్రం రావాలి. రాకపోతే పొత్తికడుపు తడిమి చూడాలి. ఆ లెక్క రాసే చోట బాత్రూమ్ అన్న మాట వద్దు. ‘మూత్రం వచ్చిందా? ఎన్నిసార్లు?’ అని అడగండి. మూత్రం మొరటు మాట కాదు. మొరటు మాట వేరే ఉంది, అది ఎలాగూ ఎవరూ రాయరు. పిల్లల వార్డులో అయితే ‘ఒకటికా, రెంటికా’ చాలు. బళ్ళో వేలు చూపించి అడిగే అలవాటు కాబట్టి మూడు ప్రాంతాల పిల్లలకీ తెలుసు.

విరేచనం దగ్గర ఇంకో మడత ఉంది. మనవాళ్ళు ‘మోషన్’ అంటే మామూలుగా అయిందని, ‘మోషన్స్’ అంటే నీళ్ళ విరేచనాలని. ఆ చివరి ‘స్’ ఒక్కటే తేడా. ‘మోషన్స్ అవుతున్నాయా?’ అని రాసిస్తే, మూడు రోజులుగా మలబద్ధకంతో ఉన్నాయన ‘లేవండీ, బాగానే ఉంది’ అంటాడు. ‘విరేచనం అయిందా? గట్టిగానా, పల్చగానా? నిన్నటి నుంచి ఎన్నిసార్లు?’ అని విడివిడిగా అడగాలి. దొడ్డి అన్న మాట వద్దు. పెరటికి పెట్టిన పేరే అయినా పట్నాల్లో ఇప్పుడు చెవికి కటువు. దాన్నే ‘మరుగుదొడ్డి’లో చేర్చి ప్రభుత్వం బోర్డు పెడితే ఎవరికీ అభ్యంతరం లేదు, అదో చిత్రం.

‘దూరంగా’ కొట్టేయండి. ఇది ఇంటి ఆచారం పేరు, శరీరంలో జరిగేదానికి పేరు కాదు. దూరంగా కూర్చునే పద్ధతి లేని ఇంట్లో అమ్మాయికి ప్రశ్నే అర్థం కాదు. ఉన్న ఇంట్లో ఇంకో చిక్కు: కొందరు తలస్నానం చేసి లోపలికొచ్చిన రోజు నుంచి లెక్క చెబుతారు. డాక్టరుకి కావలసింది మొదటి రోజు. కాన్పు తేదీ కట్టేది దాని మీదే, మొదటి రోజుకి తొమ్మిది నెలలు, పైన ఏడు రోజులు. జనవరి 10న మొదలైతే అక్టోబర్ 17. ఆమె స్నానం చేసిన 14వ తేదీ చెబితే కాన్పు తేదీ నాలుగు రోజులు ఆలస్యంగా తేలుతుంది. ‘నెలసరి’ మూడుచోట్లా నడుస్తుంది. వయసు పైబడినవాళ్ళకి ‘ముట్టు’ అన్నా తప్పులేదు, వాళ్ళు వాడేదే అది. కాగితం మీద ఇలా ఉండాలి: ‘ఈసారి నెలసరి మొదలైన మొదటి రోజు ఏ తేదీ? తలస్నానం చేసిన రోజు కాదు, రక్తం కనపడిన మొదటి రోజు.’

‘విశేషమా’ అంటే పేరంటంలో అందం. ఎక్స్‌రే గది బయట అడిగితే ‘విశేషాలేం లేవండీ, దగ్గు మాత్రమే’ అంటుంది. అక్కడ ‘గర్భం ఉండే అవకాశం ఉందా?’ అనే అడగాలి. తోడు వచ్చిన అత్తగారిని కాస్త ఆవల కూర్చోబెట్టి అడగాలి. చాటుగా అడిగితే సూటి మాటకి ఎవరూ నొచ్చుకోరు. నలుగురిలో అయితే ఎంత మెత్తగా అడిగినా ఇబ్బందే.

నెలల లెక్క కూడా కాగితంలో పెట్టండి. ‘ఐదో నెల’ అంటే నాలుగు నిండి ఐదు నడుస్తోందని. ‘ఐదు నెలలు నిండాయి’ వేరే. టిఫా స్కాన్ (బిడ్డ అవయవాలు సరిగా ఉన్నాయా అని చూసేది) 18 నుంచి 22 వారాల మధ్య చేయాలి, ఈ రెండు మాటల తేడాలో ఆ గడువు దాటిపోతుంది. ఎవరు ఏ నెల చెప్పినా తేదీ అడిగి వారాల్లో రాసుకోమనండి.

‘కడుపు పోయిందా’ మాట మెత్తగానే ఉంది, ఉంచొచ్చు. కానీ అది సగం ప్రశ్నే. ‘దానంతట అదే పోయిందా, మాత్రలు వేసుకున్నారా, తీయించుకున్నారా? ఎన్నో నెలలో?’ అని వెంటనే రావాలి. ‘అబార్షన్’ అన్న ఒక్క మాటని మనవాళ్ళు మూడింటికీ వాడతారు.

ఇంకోటి, చిత్తులో లేదు గానీ చేర్చండి. ‘తెల్లబట్ట’ అంటే తెల్ల గుడ్డ కాదు, తెల్లటి స్రావమని బయటి రాష్ట్రం డాక్టరుకి ఎవరూ చెప్పరు. ‘ఎర్రబట్ట’ అంటే అధిక రక్తస్రావం. ఈ రెండూ రోగి నోటి నుంచి వస్తాయి, కాబట్టి ప్రశ్నల్లో కాదు, పక్కన అర్థాల పట్టీలో ఉండాలి.

మూలవాగు

మా దిక్కు ముచ్చట గూడ జెర చూడుండ్రి. ‘పోయిండు’ అంటే ముందుగాల వెళ్ళిండు అనే. బజారుకు పోయిండు, డ్యూటీకి పోయిండు. కోస్తా నర్సమ్మకు అదే మాట చావు కబురు లెక్క వినిపిస్తది. ఐసీయూ ముంగట నిలబడి ‘మా బాపు ఎటు పోయిండు?’ అని అడిగితే, మంచం మీద కనబడుతలేడు, ఎక్కడున్నడు అని అడుగుతున్నట్టు. దానికి ఆమె కండ్లల్ల నీళ్ళు పెట్టుకుంటే ఆ కొడుకు గుండె ఆగుతది. అర్థాల పట్టీల ఇది మొదట్లనే పెట్టుండ్రి.

‘పైకి తీసుకెళ్ళాం’ తీసెయ్యుండ్రి, మూడు ప్రాంతాలల్ల గూడ ఒకటే అర్థం తీస్తరు. ‘మూడో అంతస్తు, 304 వార్డుకు మార్చినం, మీరు గూడ రావచ్చు’ అంటే అయిపాయె. ‘మీరు గూడ రావచ్చు’ మర్చిపోవద్దు, ఆ ముక్కతోనే అనుమానం పోతది.

‘ఇంటికి తీసుకెళ్ళొచ్చు’ గూడ గంతే. ఇగ లాభం లేదన్నప్పుడు డాక్టర్లు చెప్పే మాట అదే గదా. మంచిగైన మనిషిని పంపేటప్పుడు మంచిగైన ముచ్చట ముందు చెప్పాలె: ‘జ్వరం తగ్గింది, అన్నం తింటున్నడు, ఈ రోజు డిశ్చార్జి.’ నిజంగనే లాభం లేక పంపితే ఆ మాట వేరే కూసోబెట్టి చెప్పాలె. రెండింటికీ ఒకే వాక్యం పెట్టొద్దు.

‘సీరియస్‌గా ఉంది, రండి’. ఈ మాటకు మన ఊర్లల్ల ఒకటే అర్థం, పానం పోయింది, దారిల ఏమన్న అయితదని చెప్తలేరు. ఇన్నేండ్లు అందరం అట్లనే వాడి ఆ మాటను ఖరాబు చేసినం. ఇగ నిజంగ సీరియస్ ఉండి, మనిషి బతికే ఉంటే, ఏం చెప్పినా నమ్మరు. బతికున్న గుర్తులు చెప్పుండ్రి: ‘ఊపిరి మిషన్ పెట్టినం. గుండె కొట్టుకుంటుంది. పిలిస్తే పలుకుతలేడు. ఇయ్యాల రాత్రి లోపల రావాలె.’ సీరియస్ అన్న మాటే అక్కర లేదు.

‘కాపురానికి వచ్చి ఎన్నాళ్ళయింది’ మీద ఒక్క మాట. పిల్లలు కాకపోవుడు అని పరీక్షలు మొదలుపెట్టేది ఏడాది పాటు ఇద్దరు కలిసి ఉండి, ఏ అడ్డు మందులు వాడకపోయినా నిలవనప్పుడు. మా జగిత్యాల, నిజామాబాద్ దిక్కు పిల్లగాడు దుబాయిల ఉంటడు, రెండేండ్లకు ఒకపారి నెలన్నర సెలవు మీద వస్తడు. కాపురం ఐదేండ్లు, కలిసి ఉన్నది ఐదు నెలలు గూడ కాదు. ఆ పిల్లకు ఉత్తగనే పరీక్షలు రాస్తరు. ‘ఈ ఏడాదిల ఇద్దరు ఒక్కదగ్గర ఎన్ని నెలలు ఉన్నరు?’ అని అడిగి, ఆ తర్వాత ‘శారీరకంగా కలుస్తున్నరా, వారానికి ఎన్నిసార్లు?’ అనాలె. ఒట్టి ‘కలుస్తున్నారా’ అంటే వీడియో కాల్‌ల రోజూ కలుస్తున్నం అంటరు.

పాతనిఘంటువు

మేనేజ్‌మెంటుకి చెప్పడానికి కారణం కావాలన్నారు కాబట్టి.

మన ఇళ్ళలో మెత్తని మాట అంటే చాలాసార్లు మాటని తిరగేయడమే. బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’. దీపం ఆరితే ‘కొండెక్కింది’ లేదా ‘ఘనమైంది’. పుస్తెలతాడు తెగితే ‘పెరిగింది’. వెళ్తూ ‘వెళ్తాను’ అనకుండా ‘వెళ్ళొస్తాను’. ఇవి పనిచేయడానికి కారణం ఒక్కటే, వినేవాడి కంటికి అసలు సంగతి కనపడుతూనే ఉంటుంది. బియ్యం డబ్బా ఎదురుగా ఖాళీగా ఉంది. దీపం ఆరిన చీకటి అందరి మీదా పడింది. అసలు సంగతి ఇద్దరికీ తెలిసినప్పుడే తిరగేసిన మాట మర్యాద అవుతుంది.

ఆసుపత్రిలో అది తిరగబడుతుంది. ఒకరికే తెలుసు, రెండోవాళ్ళకి తెలియదు. తెలియనివాడికి ‘నిండుకుంది’ అంటే నిండింది అనే వినిపిస్తుంది.

జబ్బుల పేర్లూ ఇంతే. ఆటలమ్మ, అమ్మవారు పోసింది అని వాడుకున్నంత కాలం ఇబ్బంది లేదు, ఒంటి మీది పొక్కులు చూపిస్తూనే ఆ పేరు చెప్పేవాళ్ళు. మశూచి 1980లో ప్రపంచంలోనే లేకుండా పోయిందని ప్రకటించారు కాబట్టి ‘పెద్దమ్మవారు’తో ఇప్పుడు చిక్కులేదు. ‘పెద్దరోగం’తో ఉంది. ఒకప్పుడు కుష్ఠు, ఇప్పుడు కొందరికి క్యాన్సరు, కొందరికి ఎయిడ్స్. ఇంట్లో ఎవరికైనా పెద్దరోగం ఉందా అని కాగితంలో అడిగితే ముగ్గురు మూడు జబ్బులకి అవునంటారు.

క్యాజువాలిటీబల్ల

చిత్తులో లేనివి రెండు చెబుతాను. ప్రాణం మీదికి తెచ్చేవి ఇవే.

ఒకటి ‘పురుగు ముట్టింది’ లేదా ‘పురుగు కుట్టింది’. పాము పేరు రాత్రిపూట ఎత్తకూడదని చాలా ఇళ్ళలో పురుగు అంటారు. అదొక్కటే అయితే రెండో ప్రశ్నతో తేలిపోతుంది. కానీ కట్లపాము కాటులో రోగికే తెలియదు. నొప్పి దాదాపు ఉండదు, కోరల గుర్తు కనపడకపోవచ్చు, నేల మీద పడుకున్నవాళ్ళని నిద్రలో కరుస్తుంది. తెల్లవారుజామున కడుపునొప్పి, తర్వాత రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం, చివరికి ఊపిరి. వాళ్ళ నోటి నుంచి ‘రాత్రి ఏదో పురుగు ముట్టినట్టుంది’ అనే వస్తుంది. తెలుగు కొత్తగా నేర్చుకుంటున్న డాక్టరు దాన్ని చీమో దోమో అనుకుని ఎలర్జీ ఇంజెక్షన్ ఇచ్చి పంపేస్తే అయిపోయినట్టే. రక్తం గడ్డకట్టే ఇరవై నిమిషాల పరీక్ష చేసినా ఇక్కడ మామూలుగానే వస్తుంది, ఎందుకంటే ఈ విషం పనిచేసేది నరాల మీద, రక్తం మీద కాదు. రక్తపింజర అయితే ఆ పరీక్షలో దొరుకుతుంది.

కాగితం మీద: ‘పామా, తేలా, ఇంకేదైనానా? కళ్ళతో చూశారా? రాత్రి నేల మీద పడుకున్నారా? రెప్పలు బరువుగా ఉన్నాయా? ఈ వేలు చూడండి, రెండుగా కనపడుతోందా?’ డాక్టరు నోటి నుంచి పాము అన్న మాట రావాలి. వాళ్ళు పలకరు, మనం పలికితే తలూపుతారు.

రెండోది ‘మందు తాగాడు’. సారా, బ్రాందీ కావచ్చు, ఆసుపత్రి మందు కావచ్చు, చేలో కొట్టే పురుగుమందు కావచ్చు. తీసుకొచ్చినవాళ్ళు మొదట చెప్పేది ఈ రెండు మాటలే, అంతకంటే పెదవి కదపరు. వాసన చూసి తాగుబోతు అనుకుని పక్కన పడుకోబెట్టడం జరిగే తప్పు, పురుగుమందు తాగేవాళ్ళలో చాలామంది సారాతో కలిపే తాగుతారు. ‘ఏ మందు? చేలోదా? డబ్బా ఎక్కడుంది?’ అని అడగాలి, ఒకరిని వెంటనే డబ్బా కోసం పంపాలి. డబ్బా మీద త్రికోణం రంగు చూడండి: ఎరుపు అన్నిటికంటే ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. రంగు కంటే లోపలి మందు పేరు ముఖ్యం. మోనోక్రోటోఫాస్ లాంటిదైతే విరుగుడుగా అట్రోపిన్ ఉంది. పారాక్వాట్ గడ్డిమందుకి విరుగుడు లేదు, పైగా అందులో అవసరం లేకుండా ఆక్సిజన్ ఇస్తే ఊపిరితిత్తులకి ఇంకా చేటు. రెండింటినీ ‘మందు’ అనే ఒక్క మాట కిందికి తోసేస్తే వైద్యం తారుమారవుతుంది.

‘పొరపాటున తాగాడు’ అంటే వాదించొద్దు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసి, ఎంత తాగాడు, ఎన్ని గంటలకి అన్నవి రాబట్టండి. కేసవుతుందని భయపడి దాస్తారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ప్రభుత్వోద్యోగిని విధి విషయంలో బలవంతపెట్టడానికో అడ్డుకోవడానికో చేస్తే తప్ప, పాత 309 సెక్షన్ లాంటి శిక్ష లేదు. పోలీసులకి సమాచారం ఎలాగూ వెళ్తుంది, కానీ మనిషికి శిక్ష పడదని ఒక్క ముక్క చెబితే డబ్బా పేరు బయటికొస్తుంది.

నీలంసిరా

చాలా ఉపయోగంగా ఉంది. ఉమ్మి డబ్బా సంగతి ఎవరూ అనలేదు, అది సరేనా? టీబీని కాగితంలో ‘ఊపిరితిత్తుల్లో నెమ్ము’ అని రాయమన్నారు, భయపడకుండా ఉంటారని. చావు కబురుకి ‘ఇక లేరు’ అనుకుంటున్నాను.

డాట్స్‌కార్డు

ఉమ్మి సరిగాదు. ఉమ్మి అంటే నోట్లో ఊరేది, వాళ్ళు అదే తెస్తారు, ల్యాబ్ వాళ్ళు నురగ చూసి పారేస్తారు. కావలసింది లోపలి నుంచి దగ్గి తీసిన చిక్కటి ద్రవం. దాన్ని ఊరిని బట్టి తెమడ అంటారు, కళ్ళె అంటారు, గళ్ళ అంటారు. మూడూ కాస్త వెగటుగా ఉంటాయనే జనం ఉమ్మి అంటున్నారు. మూడూ రాసేయండి, సిగ్గుపడే పని లేదు. ‘పొద్దున లేవగానే నీళ్ళతో నోరు పుక్కిలించి, రెండు మూడుసార్లు ఊపిరి గట్టిగా పీల్చి, ఛాతీలోంచి దగ్గి వచ్చిన తెమడ (కళ్ళె/గళ్ళ) మాత్రమే డబ్బాలో వేయండి. కనీసం రెండు మిల్లీలీటర్లు, అంటే అరచెంచా దాకా. గాలి తగిలే ఆరుబయట చేయండి.’

నెమ్ము అస్సలు వద్దు. నెమ్ము అంటే మనవాళ్ళకి జలుబు ముదిరింది, ఐదు రోజులు మందులేస్తే పోతుంది. టీబీ మందులు మామూలు టీబీకే ఆరు నెలలు: మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు మందులు. మూడో వారానికి దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది. నెమ్మే కదా అనుకున్నవాడు అక్కడే ఆపేస్తాడు. మొండి టీబీకి దారి అదే. ఇంకా, పోషకాహారం కోసం ప్రభుత్వం నెలకి ఇచ్చే డబ్బు (2024 నవంబరు నుంచి 1,000 రూపాయలు) నిక్షయ్‌లో (టీబీ రోగుల ప్రభుత్వ పోర్టల్) టీబీ అని నమోదైతేనే వస్తుంది. జబ్బు పేరే దాస్తే ఆ డబ్బు అడగాలని కూడా తెలియదు.

పేరు పలకడం ఇబ్బందైతే అందమైన పేరు వెతక్కండి, కంటికి కనిపించేది చెప్పండి. కుష్ఠు శిబిరం కరపత్రంలో ‘స్పర్శ తెలియని మచ్చ ఉందా?’ అని అడిగితే జనం వస్తారు. కానీ తేలాక పేరు చెప్పాల్సిందే. మచ్చలు ఐదు దాకా ఉంటే ఆరు నెలలు, అంతకంటే ఎక్కువుంటే ఏడాది మందులు వాడాలి మరి.

ప్రూఫ్‌చూసేవాడు

‘ఇక లేరు’ పేపరు హెడ్డింగుకి బాగుంటుంది, ఫోన్‌కి పనికిరాదు. ‘డాక్టరుగారు లేరు’ అంటే ఊళ్ళో లేరని. ఆ ‘ఇక’ అనే రెండక్షరాలు సిగ్నల్లో పోతే, ‘లేరా, ఎక్కడికెళ్ళారు?’ అంటారు అవతలివాళ్ళు.

మిగతా మాటలకి కూడా కులం, మతం, హోదా అంటుకుని ఉంటాయి, తెలియకుండా రాయకండి. ‘పరమపదించారు’ వైష్ణవుల ఇళ్ళలోది, ‘శివైక్యం’ శైవులది, ‘లింగైక్యం’ లింగాయతులది. ‘ప్రభువునందు నిద్రించారు’ క్రైస్తవులది, వాళ్ళు చేసేది ఆదరణ కూడిక, పెద్దకర్మ కాదు. ‘అస్తమయం’ పెద్ద పేరున్నవాళ్ళకి. ‘అమరుడయ్యాడు’ సైనికుడికో ఉద్యమకారుడికో. ‘కాలం చేశారు’ పెద్దవయసు వాళ్ళకి నప్పుతుంది, ఇరవై ఏళ్ళ పిల్లవాడికి కాదు. ఆసుపత్రి అక్షరాలకి ‘చనిపోయారు’, కాగితంలో ‘మరణించారు’. అంతే. శరీరానికి ‘మృతదేహం’ రికార్డులో, మాటల్లో ‘నాన్నగారిని ఎప్పుడు తీసుకెళ్తారు?’ అని పేరు పెట్టో వరస పెట్టో అడగండి. ‘బాడీ’ అన్న మాట కౌంటర్ దగ్గర వినపడకూడదు. ఇక్కడ మాత్రం మెత్తదనం కావాల్సిందే, దానివల్ల ఎవరికీ నష్టం లేదు.

మరణ కారణం రాసే ఫారం 4లో ‘గుండె ఆగిపోవడం వల్ల’ అని రాసి వదిలేస్తుంటారు. అది చావు తీరు, కారణం కాదు. ఎవరికైనా చివరికి గుండె ఆగాల్సిందే. గుండె ఎందుకు ఆగింది, దాని వెనక ఏ జబ్బు అన్నది వరసగా రాయాలి. మనవాళ్ళకి ఇది అలవాటైన మెత్తని మాట కాబట్టి చెప్పాను.

ఇంకొన్ని. ‘ఆత్మహత్యకు పాల్పడ్డాడు’ వద్దు, పాల్పడేది నేరానికి. ‘ఆత్మహత్య చేసుకున్నాడు’ లేదా ‘ఆత్మహత్యతో చనిపోయాడు’ చాలు. ‘అఘాయిత్యం’ ఏ రికార్డులోనూ వద్దు. పేపర్లలో అది ఆత్మహత్యకీ వాడతారు, అత్యాచారానికీ వాడతారు, చదివేవాడికి ఏది జరిగిందో తెలియదు. చిన్నపిల్ల ‘అక్కడ పట్టుకున్నాడు’ అంటే ఆ మాటే ఉద్ధరణ గుర్తుల్లో రాసి, బొమ్మ మీద చూపించమని, చూపించిన చోటు పక్కన రాయాలి. పిల్ల మాటని ‘అసభ్యంగా ప్రవర్తించాడు’గా మార్చేస్తే సాక్ష్యం పోయినట్టే. 2012 పోక్సో చట్టం కూడా వాంగ్మూలం పిల్లలు చెప్పింది చెప్పినట్టు రాయాలనే అంటుంది.

అడ్మిషన్ ఫారంలో ‘విధవ’ తిట్టయిపోయింది కాబట్టి తీసేసి ఉంటారు, మంచిది. కానీ బదులుగా ‘ఒంటరి మహిళ’ పెట్టకండి. పింఛన్లలో అది వేరే వర్గం, భర్త వదిలేసినవాళ్ళకి, పెళ్ళి కాకుండా ఉండిపోయినవాళ్ళకి. తెలంగాణలో 2017లో విడిగా మొదలైంది. ‘భర్త చనిపోయారు’ అని రాస్తే చాలు. అలాగే ‘దివ్యాంగులు’ రాయండి, ‘విభిన్న ప్రతిభావంతులు’ రాయండి, మీ ఇష్టం, కానీ కౌంటర్ బోర్డు మీద ‘సదరం సర్టిఫికెట్’ (వైకల్య ధ్రువపత్రం) అన్న మాట లేకపోతే వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు ముందుకెళ్ళిపోతారు. జనానికి తెలిసిన పేరు అదే.

తాతలబజారు

అందరూ సూటిగా సూటిగా అంటున్నారు, కొంచెం ఆగండి. ఎనభై ఏళ్ళ ముసలాయనకి ఇరవై అయిదేళ్ళ కుర్రడాక్టరు ‘మీ ఆవిడ చనిపోయింది’ అని మొహం మీద అంటే ఆ ఆసుపత్రి గడప ఇంకెవరూ తొక్కరు. తెలుగులో మెత్తదనం పేరులో కాదు, క్రియలో ఉంటుంది. ఏకవచనం ఒక్కటి మార్చండి, ‘అమ్మగారు చనిపోయారండీ’. సగం కటువు పోయింది. ముందర ‘ఎంత ప్రయత్నించినా ప్రాణం దక్కలేదు’ అని పెట్టండి. ‘దక్కలేదు’ అన్నది మెత్తనిదే, రెండో అర్థానికి చోటివ్వదు. తర్వాత ‘చనిపోయారు’ ఒక్కసారి విడమరిచి చెప్పి, నోరు మూసుకుని కూర్చోవాలి. వెంటనే బిల్లు, ఆంబులెన్సు ఎత్తకూడదు. నిలబడి చెప్పకూడదు.

ఫోన్లో అయితే ముందు ‘మీరు ఎక్కడున్నారు, బండి నడుపుతున్నారా, పక్కన ఎవరైనా ఉన్నారా?’ అని అడగండి.

నీలంసిరా

సరే, ఇలా మార్చాను: ‘నమస్కారమండీ. నేను ఐసీయూ డాక్టరుని. కూర్చోండి. రాత్రి రెండు గంటలకి గుండె ఆగింది. నలభై నిమిషాలు ప్రయత్నించాం. ప్రాణం దక్కలేదండీ. నాన్నగారు చనిపోయారు.’

మూలవాగు

మంచిగుంది. ‘నమస్కారమండీ’ తీసెయ్యుండ్రి, ఆ పొద్దు దానికి ఎవ్వరు మళ్ళ నమస్కారం పెట్టరు. ‘గుండె ఆగింది’ తర్వాత ‘మళ్ళ కొట్టుకునేటట్టు చెయ్యనీకి’ అని పెట్టుండ్రి, లేకపోతే నలభై నిమిషాలు దేనికి ప్రయత్నించిన్రో అడుగుతరు. ‘నాన్నగారు’ ఉన్న కాడ ఖాళీ గీత పెట్టి వరస అడిగి నింపుకొమ్మనుండ్రి. అందరికి నాన్నగారు కాదు, మా దిక్కు బాపు, కొందరికి అబ్బా.